ఓర్లాండోలో పులిహోర డబ్బాతో

డిస్నీ వరల్డ్ గేటు దగ్గర సంచులు తనిఖీ చేసేవాళ్లు పులిహోర డబ్బా చూసి ఏమీ అనరు. హైదరాబాద్ వండర్‌లాకు అలవాటుపడిన వాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. అక్కడ బయటి తిండి లోపలికి తీసుకెళ్లనివ్వరు. ఇక్కడ ఇంటి తిండి, మద్యం కాని పానీయాలు ఎన్నైనా తీసుకెళ్లవచ్చు. గాజు సీసాలు ఉండకూడదు, పసిపిల్లల ఆహారపు చిన్న సీసాలకు మాత్రం మినహాయింపు ఉంది. విడి ఐసు ముక్కలు కూడా కుదరవు, గడ్డకట్టించిన ఐస్ ప్యాక్‌లు పెట్టుకోవాలి. నీళ్ల సీసాలను రాత్రే ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే అవే ఐస్ ప్యాక్‌లు, మధ్యాహ్నానికి అవే తాగే నీళ్లు.

మా ఇంట్లో అయిదుగురం. మేమిద్దరం, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు. ఆవిడ మాంసం, గుడ్డు ముట్టరు. మిగతావాళ్లం కోడి, చేప తింటాం, గొడ్డుమాంసం తినం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలావరకు ఇలాంటివే కాబట్టి మా లెక్కలు మీకూ పనికిరావచ్చు.

డిస్నీ దృష్టిలో పదేళ్లు నిండితే పెద్దవాళ్లే. టికెట్లోనూ అంతే, భోజనంలోనూ అంతే. ఒక రోజు టికెట్ తేదీని బట్టి, పార్కును బట్టి 119 డాలర్ల నుంచి రెండు వందలు దాటే వరకు ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలకు ఉచితం. టికెట్ ధర మన చేతిలో లేదు. తిండి ఖర్చు మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. అది తేలేది పార్కులో కాదు, బస ఎక్కడ తీసుకున్నామన్న దగ్గర.

అట్లాంటా నుంచి కారులో వెళ్లాం. దారిలో ఆగడాలతో కలిపి ఏడెనిమిది గంటల ప్రయాణం. విమానంలో వెళ్లేవాళ్లకు లేని సౌకర్యం ఒకటి మాకు దొరికింది. డిక్కీలో రైస్ కుక్కర్, చిన్న బియ్యం సంచి, కందిపొడి, గోంగూర పచ్చడి, జంతికలు అన్నీ వెంట వచ్చాయి. అయితే కుక్కర్ తెచ్చుకుంటే చాలదు, దాన్ని పెట్టుకునే చోటు ఉండాలి. డిస్నీ సొంత హోటళ్లలో చవకైనవి ఆల్ స్టార్, పాప్ సెంచరీ. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, మైక్రోవేవ్ ఉండదు. వేడి చేసుకోవాలంటే హోటల్ భోజనశాలకు వెళ్లాలి. వంట సామాను పెట్టుకోవడానికి హోటల్ గదుల్లో సాధారణంగా ఒప్పుకోరు. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్లో ఫ్యామిలీ సూట్లు తీసుకుంటే మైక్రోవేవ్, సింకు ఉంటాయి, కానీ ఆ అద్దెకు బయట మూడు పడకగదుల ఇల్లే వస్తుంది.

పార్కులకు దగ్గర్లోని కిసిమ్మీ అనే ఊరి వైపు అలాంటి ఇళ్లు కొల్లలు. పూర్తి వంటిల్లు, బట్టలుతికే యంత్రం, వెనక చిన్న ఈతకొలను. మేము అదే ఎంచుకున్నాం. కానీ ఇల్లు చవక అనుకునే ముందు దాని వెనకాల వచ్చే ఖర్చులూ చూడాలి. శుభ్రం చేసినందుకు వేరే రుసుము వేస్తారు. రోజూ పార్కు దగ్గర కారు నిలపడానికి 30 డాలర్లో, అంతకు పైనో అవుతుంది. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు ఆ పార్కింగ్ ఉచితం, బస్సులూ ఉచితం. ఇద్దరే వెళ్తే ఆల్ స్టార్ నయం అంటాను. అయిదుగురికి, అందులోనూ పొద్దున్నే కాఫీ తన పద్ధతిలో పడాల్సిన పెద్దావిడ ఉన్నప్పుడు, వంటిల్లే గెలుస్తుంది. రెండింటికీ మధ్య రకం, పొద్దుటి ఫలహారం ఉచితంగా పెట్టే సూట్ హోటళ్లు. మునుపు ఒకసారి అలాంటి చోట దిగాం. ఫలహారం ఉచితమే, కానీ ఎనిమిదింటికి క్యూ తలుపు దాటి బయటకు వచ్చేది. పార్కు తెరిచే వేళకు అక్కడ ఉండాలనుకునేవాళ్లకు ఆ ఉచితం ఖరీదైనదే.

సరుకులకు ఓర్లాండోలో కరువు లేదు. ఇంటర్నేషనల్ డ్రైవ్ దక్షిణ భాగంలోనూ, ఆరెంజ్ బ్లాసమ్ ట్రయల్ వెంబడి కూడా ఇండియన్ సరుకుల దుకాణాలు, భోజనశాలలు ఉన్నాయి. పాలు, పెరుగు, పండ్లు వాల్‌మార్ట్‌లోనో, పబ్లిక్స్‌లోనో తీసుకోవచ్చు. ఫ్లోరిడాలో వండని సరుకుల మీద అమ్మకపు పన్ను లేదు. వండినదానిమీద ఉంది, ఆరెంజ్ కౌంటీలో 6.5 శాతం, కిసిమ్మీ ఉన్న ఆసియోలా కౌంటీలో 7.5 శాతం. బల్ల దగ్గరికి వచ్చి వడ్డించే చోట టిప్పు అదనం. ఆరుగురు, అంతకు మించి కూర్చుంటే 18 శాతం బిల్లులోనే కలిపేస్తారు.

ఇక డబ్బాలోకి ఏది పెట్టాలన్నది. ఇందులో మా అత్తయ్యగారి మాటే చెల్లింది. ఫ్లోరిడా ఎండలో గాలిలో తేమ ఎక్కువ, నాలుగు గంటలు వీపు సంచిలో నలిగిన తిండి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పులిహోరకు ఆ భయం లేదు. చింతపండు, నూనె, ఉప్పు దాన్ని కాపాడతాయి, చల్లారాక ఇంకా బాగుంటుంది. పొద్దున్నే పాకం పెట్టే ఓపిక లేదు కాబట్టి పులిహోర గుజ్జు ఇంటి దగ్గరే చేసి తెచ్చాం. పెరుగన్నానికి ఆవిడ పద్ధతి వేరు. మెత్తగా వండిన అన్నంలో పాలు ఎక్కువగా పోసి, చెంచాడు పెరుగు మాత్రం కలుపుతారు. ఐస్ ప్యాక్‌ల మధ్య బయలుదేరిన డబ్బాను తినడానికి కాసేపటి ముందు బయటికి తీస్తే, మధ్యాహ్నానికి అది పుల్లబడని, కమ్మటి దద్దోజనం. పెరుగే నిండా కలిపి తెచ్చుకున్నవాళ్లు రెండింటికి మూత తీసి ముఖం తిప్పుకోవాల్సిందే. చపాతీల్లో పొడికూర చుట్టి రేకు కాగితంలో పెడితే పిల్లలు క్యూలో నిలబడే తినేస్తారు. ఇడ్లీ వద్దు. చల్లారితే గట్టిపడుతుంది, చట్నీ కారుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి వాసన గుప్పుమనేవి కూడా ఇంటి దగ్గరే ఉంచాం. ఎవరో ఏదో అంటారని కాదు, మూసిన సంచిలో ఆ వాసన మనకే పడదు.

తిండి మోసుకెళ్లడం ఒక ఎత్తు, తినే చోటు వెతుక్కోవడం ఒక ఎత్తు. డిస్నీ వరల్డ్ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, కారు దగ్గరికి వచ్చి తిని పోదామన్న ఆలోచన పెట్టుకోకండి. పార్కింగ్ నుంచి గేటుకు మళ్లీ మోనోరైలో, పడవో ఎక్కాలి. రానూపోనూ గంటకు తక్కువ పట్టదు. అక్కడ సంచి మోయాల్సిందే, లేదా గేటు లోపల అద్దె లాకరు తీసుకోవాలి. యానిమల్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కుల్లో కారు దగ్గరే కాబట్టి పెద్ద డబ్బాలు డిక్కీలోనే చల్లగా ఉంచి, మధ్యాహ్నం వచ్చి తినవచ్చు. ఒకసారి పెట్టిన టికెట్‌తో అదే రోజు మళ్లీ లోపలికి వెళ్లనిస్తారు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మాకు బాగా నచ్చిన చోటు కొలంబియా హార్బర్ హౌస్ అనే భోజనశాల పై అంతస్తు. ఏసీ ఉంటుంది, కిందికంటే జనం తక్కువ. కాస్మిక్ రేస్ అనే ఇంకో భోజనశాల కూడా చల్లగానే ఉంటుంది కానీ గోల ఎక్కువ. ఇలాంటి చోట్ల మర్యాదకు ఒకటి రెండు వంటకాలు అక్కడ కొని, మిగతాది మన డబ్బాలోంచి తినేవాళ్లం. యానిమల్ కింగ్‌డమ్‌లో ఫ్లేమ్ ట్రీ బార్బెక్యూ వెనక నీటి ఒడ్డున నీడ పందిళ్ల కింద బల్లలు ఉన్నాయి, అక్కడ గాలి బాగా వస్తుంది. వేసవిలో మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఉరుములతో వాన తరచూ వస్తుంది. అందరూ లోపలికి పరుగెత్తేది అప్పుడే. అంతకు కాస్త ముందే ఏసీ గదిలో చోటు పట్టుకుంటే, వాన చూస్తూ తినవచ్చు.

నీళ్ల గురించి ఒక మాట. సీసా నీళ్లు దాదాపు 4 డాలర్లు. చల్లటి పానీయాలు అమ్మే ఏ కౌంటర్ దగ్గరైనా ఐసు వేసిన నీళ్లు కప్పులో అడిగితే ఉచితంగా ఇస్తారు. కొళాయి నీళ్లకు ఫ్లోరిడాలో ఒక రకమైన గంధకపు వాసన ఉంటుంది, మా అబ్బాయి ససేమిరా తాగలేదు. నిమ్మచెక్క, కొంచెం ఉప్పు, చక్కెర వేస్తే తాగాడు.

అలాగని పూర్తిగా ఇంటి తిండి మీదే ఉండాలంటే నేను ఒప్పుకోను. రోజుకు ఒక పూట ఏదో ఒకటి అక్కడిదే తినాలి, లేకపోతే పిల్లలకు సెలవుల్లా అనిపించదు. కౌంటర్ దగ్గర ఇచ్చే ఒక్కొక్క భోజనం 12 నుంచి 18 డాలర్ల దాకా ఉంటుంది. పిల్లల భోజనం 8, 9 డాలర్లు. అందులో రెండు రకాల పక్క వంటకాలు, పానీయం వస్తాయి. ఫోనులో డిస్నీ యాప్ ద్వారా ఆర్డర్ చేస్తే వయసు ఎవరూ అడగరు, కాబట్టి పెద్దవాళ్లు కూడా పిల్లల భోజనం తెప్పించుకోవచ్చు. మా అమ్మాయికి, నాకూ అది సరిపోయింది. ఆర్డర్ మాత్రం పదకొండు లోపే పెట్టుకోండి, పన్నెండున్నర వేళలు త్వరగా నిండిపోతాయి.

శాకాహారులకు మెనూలో చిన్న ఆకు గుర్తు చూసుకోవడం సులువు. ఆ గుర్తున్నవాటిలో మాంసమే కాదు, పాలు, గుడ్డు కూడా ఉండవు. అత్తయ్యగారి విషయంలో ఇది పెద్ద నిశ్చింత. యానిమల్ కింగ్‌డమ్‌లోని సతులి క్యాంటీన్‌లో అన్నం మీద కారంగా వేయించిన టోఫూ పెట్టిన గిన్నె తీసుకున్నాం. ఆవిడ రెండు ముద్దలు తిని, "బాగానే ఉంది కానీ, ఉప్పు వేయడం మరిచిపోయారే" అని కందిపొడి డబ్బా బయటికి తీశారు. కందిపొడి కలిశాక నిజంగానే బాగుంది. హాలీవుడ్ స్టూడియోస్‌లో వుడీస్ లంచ్ బాక్స్ దగ్గర చీజ్ శాండ్‌విచ్, టమాటా సూప్ పిల్లలకు నచ్చాయి. పెద్దలకు అది ఫలహారమే, భోజనం కాదు. ఎప్‌కాట్ అనే మరో పార్కులో సరస్సు చుట్టూ 11 దేశాల మండపాలున్నాయి, ఇండియా లేదు. అత్తయ్యగారు రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. అక్కడ ఫ్రాన్స్ బేకరీలో క్రోసాంట్లు, బగెట్ రొట్టె ధరకు న్యాయం చేస్తాయి.

మిక్కీ, మిన్నీ బల్ల దగ్గరికి వచ్చి ఫొటో దిగే బఫేలు చేయలేదు. పెద్దవాళ్లకు తలకు సుమారు 60 డాలర్లు. పదకొండేళ్ల అమ్మాయికీ అదే ధర. అత్తయ్యగారు అక్కడ తినేది రెండు రొట్టె ముక్కలు, పండ్లు. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు అమ్మే భోజన పథకం కూడా మన లెక్కకు రాదు. 2025లో కౌంటర్ భోజనాల పథకం పెద్దవాళ్లకు రాత్రికి సుమారు 60 డాలర్లు. రెండు భోజనాలు, ఒక చిరుతిండి, మళ్లీ మళ్లీ నింపుకునే కప్పు ఇస్తారు. మాంసం వంటకాలు, పానీయాలు రెండు పూటలా ఖరీదైనవే ఎంచుకునేవాళ్లకు గిట్టుబాటు కావచ్చు. నీళ్లు తాగి, శాకాహారం తినేవాళ్లు ఆ 60 డాలర్లు ఖర్చుపెట్టాలన్నా పెట్టలేరు.

మిగిలిన డబ్బులో కొంత మేము సనా అనే భోజనశాలలో పెట్టాం, దానికి నాకు రవ్వంత చింత లేదు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో కిదానీ విభాగంలో ఉంది, పార్కు టికెట్ అక్కర్లేదు. కిటికీలోంచి జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతూ కనిపిస్తాయి. అక్కడి రొట్టెల పళ్లెం పేరున్నది. నాన్, కుల్చా వంటి అయిదు రకాల రొట్టెలు, వాటితో తొమ్మిది రకాల చట్నీలు, పచ్చళ్లు వస్తాయి. మొత్తానికి 20, 25 డాలర్ల మధ్య. అది ఒకటి, బటర్ చికెన్ ఒకటి తెప్పిస్తే మా అయిదుగురికీ సాయంత్రం గడిచిపోయింది. ముందే బుక్ చేసుకోవాలి, బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. రాలేకపోతే రెండు గంటల ముందు వరకు రద్దు చేసుకోవచ్చు, ఆ తర్వాత తలకు 10 డాలర్ల జరిమానా. చీకటి పడితే జంతువులు సరిగా కనిపించవు, అందుకని మధ్యాహ్నం వేళే తీసుకోండి.

ఓర్లాండోలోనే ఉన్న మరో సంస్థ, యూనివర్సల్ వాళ్ల పార్కులకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ నీళ్ల సీసా, చిన్న చిరుతిళ్లు, పసిపిల్లల ఆహారం, ఆరోగ్య కారణాలతో అవసరమైన తిండి వరకే అనుమతి. చల్లగా ఉంచే సంచి మెత్తనిదై, 8.5 అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు దాటకూడదు. అంటే పులిహోర డబ్బా కారులోనే. పాత రెండు పార్కులకూ పార్కింగ్‌కూ మధ్య సిటీవాక్ అనే వీధి ఉంది, దానికి టికెట్ లేదు. మధ్యాహ్నం కారు దాకా నడిచి, తిని, మళ్లీ లోపలికి వెళ్లడం అక్కడ సాధ్యమే. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్ మాత్రం వాటికి దూరంగా, విడిగా ఉంది. అక్కడికి వెళ్లే రోజు పొద్దున కడుపునిండా ఉప్మా పెట్టి తీసుకెళ్లండి. పిల్లలు హ్యారీ పాటర్ కథల్లోని బటర్‌బీర్ అనే పానీయం అడుగుతారు. పేరులో బీరు ఉన్నా మద్యం లేదు. గొంతు మండేంత తీపి, ఒక్కటి కొంటే నలుగురికి సరిపోతుంది.