కణంలో కాల్షియం రాకపోకలు: ఒక గోడపటంపై సమీక్ష

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరి ఒక పుస్తకాల దుకాణంలో మా ఇంటర్ విద్యార్థుల కోసం కొన్న ఈ లామినేటెడ్ గోడపటం, కణపొరకు ఇరువైపులా కాల్షియం గాఢతల్లో ఉన్న తేడాను తొలిచూపులోనే పట్టిస్తుంది. బయట లీటరుకు ఒకటి రెండు మిల్లీమోళ్లుండే స్వేచ్ఛా కాల్షియం అయాన్లు విశ్రాంతిలో ఉన్న కణద్రవంలో దాదాపు 100 నానోమోళ్లే, అంటే సుమారు 10,000 రెట్ల తేడా. ఎర్రచుక్కలను బయట కిక్కిరిసినట్టు, లోపల ఒకటీ అరాగా వేయడం మెచ్చుకోదగినది.

కణం లోపల కాల్షియాన్ని నిల్వ ఉంచే పొరల వల అయిన అంతర్జీవద్రవ్య జాలకంలోని సెర్కా పంపు ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుతో రెండు అయాన్లను జాలకంలోకి తోడుతుందనీ, కణపొరలోని పంపు మాత్రం అదే ఖర్చుతో ఒక్కదాన్నే బయటికి నెడుతుందనీ బొమ్మ పక్కనే రాశారు. ఐపీ త్రీ అనే సంకేత అణువును అందుకునే గ్రాహకం తెరుచుకుని జాలకంలోని కాల్షియం నిల్వలు విడుదలయ్యే తీరు, కాల్షియాన్ని పసిగట్టే ప్రోటీన్ అయిన కాల్మోడ్యులిన్‌కు నాలుగు అయాన్లు అతుక్కునే తీరు కూడా చక్కగా ఉన్నాయి.

అయితే సోడియం-కాల్షియం వినిమయ ప్రోటీన్ దగ్గర బాణాలు రెండూ లోపలికే తిరిగి ఉండటం సహించలేని తప్పు. మామూలుగా మూడు సోడియం అయాన్లు లోపలికి వస్తే ఒక కాల్షియం అయాను బయటికి పోవాలి. స్కెచ్ పెన్నుతో దిద్దితే లామినేషన్ మీద సిరా నిలవక, చివరికి తెల్లకాగితం ముక్క అంటించాల్సి వచ్చింది. దుకాణదారు మర్యాదస్తుడే గాని పటాన్ని వెనక్కి తీసుకోలేదు.

మైటోకాండ్రియాకు ఒక మూల ఇచ్చి సరిపెట్టారు. జాలకంలో నిల్వ అడుగంటినప్పుడు స్టిమ్ ప్రోటీన్ కణపొరలోని ఒరై ద్వారాన్ని తెరిపించే సంగతి అసలే లేదు కనుక, డిగ్రీ తరగతులకు దీన్ని కొనమని చెప్పలేను.