సీఆర్ 2032 సెల్స్: ఒక్కొక్కటి కొనాలా, స్ట్రిప్పా, వంద ట్రేనా?

కారు తాళం రిమోట్, గ్లూకోమీటర్, బరువు చూసుకునే మెషీన్, డెస్క్‌టాప్ మదర్‌బోర్డు... వీటిలో చాలావాటికి కావలసింది ఒకటే సెల్, నాణెంలా గుండ్రంగా ఉండే సీఆర్ 2032. షాపులో ఒక్కటి అడిగితే ఒక రేటు, ఐదింటి స్ట్రిప్‌కి ఇంకో రేటు. ఆన్‌లైన్‌లో వంద సెల్స్ ట్రే చూస్తే ఇక ఊరికే ఇస్తున్నట్టు ఉంటుంది. మామూలు ఇంటికైతే నేను స్ట్రిప్పే కొనమంటాను.

ఈ లిథియం సెల్స్ వాడకుండా పెట్టినా ఏడాదికి సుమారు ఒక శాతమే తగ్గుతాయి. మంచి కంపెనీలవి ఎనిమిది, పదేళ్లు నిల్వ ఉంటాయి. అంచేత పాడైపోతాయని ఒక్కొక్కటే కొనుక్కోవడంలో అర్థం లేదు. పైగా కారు రిమోట్ పనిచేయడం మానేసేది ఎప్పుడూ షాపులు మూసేశాకే. అలాగని వంద దేనికి? రెండేళ్లకు ఐదు ఖర్చయ్యే ఇంట్లో వంద అయిపోవాలంటే 40 ఏళ్లు పడుతుంది. అందులో ముప్పావు వంతు ఎక్స్‌పైరీ దాటాకే చేతికొస్తాయి. రేటు సగమైనా అది చౌకబేరం కాదు.

ట్రేతో అసలు తలనొప్పి వేరే ఉంది. పేరున్న కంపెనీలూ ఫ్యాక్టరీలకు ట్రేల్లోనే సరఫరా చేస్తాయి, కాబట్టి ట్రే అంటేనే నకిలీ అనలేం. కానీ మన చేతికి వచ్చేసరికి దాని మీద తేదీ ఉండదు, సీలు ఎవరు వేశారో తెలియదు. స్ట్రిప్ అయితే వెనక్కి తిప్పగానే ఎక్స్‌పైరీ కనిపిస్తుంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉందిగా అంటారా? కొత్త సెల్ 3.2 వోల్టుల పైన చూపిస్తుంది, నిజమే. అయితే ఈ రకం సెల్ చివరిదాకా మూడు వోల్టుల దగ్గరే నిలబడి, అయిపోయే ముందు ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే సగం సరుకున్న సెల్ కూడా మీటర్ మీద దర్జాగా కనిపిస్తుంది. అంతకంటే తూకం నయం. అసలైన 2032 మూడు గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. చిన్న డిజిటల్ కాటా మీద పెడితే మరీ తేలిగ్గా తూగిందా, లోపల సరుకు తక్కువని అనుమానించాల్సిందే. మంచిదానిలో ఆ సరుకు, అంటే నిల్వ ఉండే ఛార్జ్, 220 నుంచి 235 మిల్లీ యాంపియర్ అవర్స్ దాకా ఉంటుంది.

మరి ట్రే ఎవరికి? రిపేరు షాపు వాళ్లకు, ఆఫీసులో డజన్ల కొద్దీ మెషీన్లు చూసుకునే వాళ్లకు. దీపావళికి ఎల్‌ఈడీ దీపాలు వరసగా పెట్టేవాళ్లకు కూడా. ఆ దీపాల్లో కొన్నిటికి ఇదే సెల్. రెండు రాత్రులు వెలిగితే చాలు కాబట్టి బ్రాండ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. గ్లూకోమీటర్‌లో మాత్రం అలాంటివి వేయకండి.

రీఛార్జబుల్ కొంటే ఈ గొడవే ఉండదు కదా అని ఎల్‌ఐఆర్ 2032 వైపు చూసేవాళ్లున్నారు. సైజు అదే, కానీ నిలిచేది సుమారు 40 మిల్లీ యాంపియర్ అవర్సే. ఫుల్ ఛార్జ్ మీద 4.2 వోల్టులు ఇస్తుంది. మూడు వోల్టులకు చేసిన వస్తువు అది తట్టుకోకపోవచ్చు. ఏడాదికోసారి మార్చే సెల్‌కి ఛార్జర్ దేనికో నాకైతే అర్థం కాదు. మామూలు సీఆర్ సెల్‌ని ఆ ఛార్జర్‌లో పెట్టడం ఇంకా ప్రమాదం.

కొనేటప్పుడు నంబరు పూర్తిగా చూడండి. 20 అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2. షాపతను సీఆర్ 2025 సెల్ చేతిలో పెట్టి “సరిపోద్దండీ” అంటే ఒప్పుకోకండి. అది 0.7 మిల్లీమీటర్లు పలచన, వదులుగా కూర్చుని ఓసారి పనిచేస్తుంది, ఓసారి చేయదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో ట్రే వద్దనడానికి ఇంకో కారణం, అందులో సెల్స్ విడివిడిగా చేతికొచ్చేస్తాయి. ఈ సైజుది మింగితే గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. స్ట్రిప్‌లో ఒక్కోటి విడిగా ప్యాక్ అయి ఉంటుంది. అయినా బీరువా పై అరలోనే పెట్టండి. వాడేసిన సెల్ కూడా అంతే ప్రమాదం, రెండు వైపులా టేపు వేసి పారేయండి. మింగినట్టు అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.