కాగితం మీద కుట్టు నేర్పే కిట్: చాప భేష్, కార్డులే తేలిపోయాయి

గుడ్డ మీద ఇరవై ఏళ్లుగా కుడుతున్నాను, కాగితం ఓ లెక్కా అనుకుని ఈ కిట్ తెప్పించుకున్నాను. మొదటి కార్డు గంట తిరక్కుండానే చిరిగింది. తప్పు సగం నాది, సగం కిట్‌ది.

డబ్బాలో ఆరు మడత కార్డులు, అచ్చు వేసిన నమూనాలు, చెక్క పిడి ఉన్న పొడిచే సూది, అరచేయంత స్పాంజి చాప, రెండు కుట్టు సూదులు, ఎనిమిది రంగుల దారాలు ఉన్నాయి.

గుడ్డలో సూది తన దారి తనే చేసుకుంటుంది. దారం లాగేస్తే చిల్లు కూడా దాదాపు పూడుకుపోతుంది. కాగితానికి అంత దయ లేదు, పడ్డ చిల్లు పడ్డట్టే. అందుకే ముందు నమూనాను కార్డు మీద క్లిప్పులతో బిగించి, కింద చాప వేసి, చుక్క చుక్కకీ పొడుచుకోవాలి. దారం ఎక్కించేది ఆ తర్వాతే. సూదిని కాస్త వంచి పొడిచినా వెనక వైపు చిల్లు పక్కకు పోతుంది. పిడి చేతికి బాగా కుదిరింది, చాప మెత్తగా లోపలికి తీసుకుంటుంది. ఈ రెండింటికీ వంక పెట్టను.

కార్డుల సంగతే బాధ. పల్చన. ఆకు నమూనాలో చిల్లులు రెండేసి మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. గుడ్డ మీద అలవాటు కొద్దీ దారం బిర్రుగా లాగాను. పోస్టల్ స్టాంపు చింపినట్టు చుక్కల వెంబడే చీలి, ఆకు ఆకంతా ఊడి చేతిలోకి వచ్చేసింది! అదే నమూనాను ఇంట్లో ఉన్న 250 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే) మందం కార్డు మీద, చిల్లుకీ చిల్లుకీ మధ్య మూడు మిల్లీమీటర్లు వదిలి కుడితే ఏమీ కాలేదు.

సూచనల కాగితం ఇంకో తలనొప్పి. దారం చివర ముడి వేయమంటుంది. వేస్తే కార్డు ముందు వైపు బొడిపెలా తేలింది. ముడి మానేసి, కొసను వెనక చిన్న టేపు ముక్కతో అంటించాను, సాఫీగా వచ్చింది. దారం ఆరు పోగులది. విడదీసి రెండు పోగులే వాడాలని ఎక్కడా రాయలేదు. ఆరూ కలిపి ఎక్కిస్తే చిల్లు అంచులు లేచిపోతాయి.

డబ్బు గిట్టిందనిపించింది మాత్రం మూల నమూనాతో. ఎల్ ఆకారంలో రెండు వరసల చిల్లులు. నిలువు వరసలో కొసన ఉన్నదాన్ని, అడ్డ వరసలో మూలకు దగ్గరగా ఉన్నదానితో కలపాలి. తర్వాత ఇటు ఒకటి దిగుతూ, అటు ఒకటి జరుగుతూ పోవాలి. కుట్టినవన్నీ తిన్నని గీతలే, ఏడెనిమిది పడేసరికి వాటి మధ్య ఓ వంపు కనిపించింది. ఇంగ్లండ్‌లో లెక్కలు బోధించిన మేరీ ఎవరెస్ట్ బూల్ (1832–1916) పిల్లలకు జ్యామితి ఒంటబట్టించడానికి ఇలాంటి కుట్టు కార్డులే వాడారు. బడిలో నాకెవరూ ఇలా చూపించలేదు. ఒక చిల్లు తప్పు చోట పొడిచాను, దాని మీద పూస కుట్టేశాను.

అయిదుకి మూడు ఇస్తాను. పొడిచే సూది, స్పాంజి ఉన్నవాళ్లకు ఈ డబ్బా అక్కర్లేదు, మందం కార్డులు కొనుక్కుంటే చాలు. లేనివాళ్లు తీసుకోవచ్చు. కిట్‌లో వచ్చిన కార్డులు మాత్రం చిల్లులు పొడవడం ప్రాక్టీసు చేయడానికే. నా దగ్గర మిగిలిన నాలుగూ ఆ పనికే ఉంచుకున్నాను.