కాలిన చేతికి థెరపీ: ఆసుపత్రిలోనా, పక్క వీధి సెంటర్‌లోనా, ఇంట్లోనా?

వేడి రసం మీద పడి పిల్లల చెయ్యి కాలితే, పుండు మానగానే గండం గడిచిందనుకుంటాం. అసలు టెన్షన్ అప్పుడే మొదలు. మచ్చ గట్టిపడుతూ ముడుచుకుంటుంది, దాంతోపాటే వేళ్లనూ లాగేస్తుంది. రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేతిని సాధన చేయించే ఆక్యుపేషనల్ థెరపీ అడ్డుకునేది దీన్నే. చెన్నైలో ఉన్న మనవాళ్లకు మూడు దారులు: కాలిన గాయాల వార్డున్న ఆసుపత్రి, దగ్గర్లోని ప్రైవేటు సెంటర్, ఇంటికొచ్చే థెరపిస్ట్.

మొదటి కొన్ని నెలలు నా ఓటు ఆసుపత్రికే. కారణం స్ప్లింట్, అంటే వేళ్లు ముడుచుకోకుండా చేతికి కట్టే ప్లాస్టిక్ అచ్చు. చేతి వెనకభాగం కాలితే పిడికిలి కణుపులు వంచి, వేళ్లు చాపి కట్టాలి. అరచెయ్యి కాలితే చెయ్యంతా విప్పార్చి కట్టాలి. ఇది గాయం పచ్చిగా ఉన్నప్పుడే మొదలవ్వాలి, సర్జన్, థెరపిస్ట్ ఒక మాట మీద ఉండాలి. స్ప్లింట్ ప్లాస్టిక్‌ను సుమారు 70 డిగ్రీల నీళ్లలో మెత్తబరిచి, తుడిచి, వేడి తగ్గాక చేతికి అద్దుతారు. వేడినీళ్ల గిన్నె చూడగానే మా అక్క కూతురు గది దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ థెరపిస్ట్ మొదట బొమ్మ చేతికి ఒక స్ప్లింట్ చేసి, తర్వాతే పిల్ల చెయ్యి పట్టుకుంది. కీల్పాక్ ప్రభుత్వ ఆసుపత్రి లాంటి చోట ఖర్చు భయం తక్కువే గానీ, ఓపీ రోజున అమ్మానాన్నల్లో ఒకరికి సెలవు తప్పదు.

ప్రైవేటు సెంటర్లలో ఉయ్యాలలు, బంతుల తొట్టి చూసి పిల్లలు సంబరపడతారు. అక్కడికి ఎక్కువగా వచ్చేది ఆటిజం ఉన్నవాళ్లు, చేతిరాత కుదరనివాళ్లు. వాళ్లకు అది మంచి చోటే. కాలిన చేతికైతే వెళ్లగానే ఒకటే అడగండి: స్ప్లింట్ మీరే చేస్తారా? నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

పుండు పూర్తిగా మూసుకున్నాక ఇంటి థెరపీకి సాటి లేదు. ఫీజు ఎక్కువే, అయినా పెట్టొచ్చు. పప్పన్నం కలుపుకోవడం, గౌను హుక్కులు పెట్టుకోవడం, కుళాయి తిప్పడం... ఆ వేళ్లకు కావలసిన పనులన్నీ ఇంట్లోనే ఉన్నాయి. పైగా మనం చెప్పనివి కూడా థెరపిస్ట్ కళ్లారా చూస్తుంది. అమ్మమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే ఆ చేతికి పనెక్కడిది? మా ఇంట్లో ఈ ముద్దలు మాన్పించడం స్ప్లింట్ కట్టించడం కన్నా కష్టమైంది. బఠాణీలు ఒలవడం, చపాతీ పిండి పిసకడం పిల్ల చేతికిచ్చి ఆవిడను ఒప్పించాం.

అయినా ఆసుపత్రిని వదలకూడదు. మచ్చను నొక్కి ఉంచే బిగుతు తొడుగు, ప్రెషర్ గ్లవ్, రోజుకు 23 గంటల చొప్పున ఏడాదికి పైగా వేసుకోవాల్సి రావచ్చు. చెయ్యి పెరిగేకొద్దీ అది బిగుసుకుపోతుంది, పట్టు సడలినా లాభం లేదు. రెండు మూడు నెలలకోసారి కొలతలు మళ్లీ తీయించాలి.

మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ అయితే లెక్క వేరు. అది ఏళ్ల తరబడి సాగే పని కాబట్టి కొట్టూర్‌పురంలోని స్వచ్ఛంద సంస్థ విద్యాసాగర్, ముట్టుకాడులోని కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్‌మెడ్ లాంటి చోట్లకు ముందే వెళ్లడం మేలు. ఈ పిల్లలకు కేంద్ర ప్రభుత్వ నిరామయ ఆరోగ్య బీమా కింద లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీకీ వాడుకోవచ్చు. కాలిన గాయం ఒక్కటే అయితే అది వర్తించదు.

ఎవరి దగ్గరికెళ్లినా బీఓటీ చదివారో లేదో కనుక్కోండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి చదివే ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ అది. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.