చెన్నై, ముంబై, సింగపూర్: నెల్లూరు, ఒంగోలు వాళ్ళకి ఏ రేవు ఓడ మేలు?

విహారానికి తిప్పే క్రూయిజ్ ఓడ ఎక్కాలని ముచ్చటపడేవాళ్ళు మన వైపు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. షష్టిపూర్తికి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ఉన్నారు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఉన్నారు, రొయ్యకి రేటు పలికిన ఏడాది ఇంటిల్లిపాదీ బయల్దేరేవాళ్ళు ఉన్నారు. అందరూ ముందు అడిగేది "మనిషికి ఎంతవుతుంది?" అనే. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఆ నెలలో ఓడ ఏ రేవులో ఉంటుందని. అది మన సెలవుల్ని చూసి రాదు.

వరికోత మిషన్ ఓనర్లు మనకి తెలిసినవాళ్ళే. మిషన్ తిరిగినా తిరక్కపోయినా బ్యాంకు కిస్తీ ఆగదు కాబట్టి పంట ఎక్కడ కోతకొస్తే మిషన్‌ని అక్కడికి తోలతారు. క్రూయిజ్ కంపెనీలదీ అదే లెక్క. వెయ్యి మంది సిబ్బంది జీతం, ఆయిల్ ఖర్చు రోజూ ఉండేవే. ఈ రాత్రి ఖాళీగా పోయిన క్యాబిన్‌ని రేపు అమ్ముకోలేరు. అందుకే మే నుంచి సెప్టెంబర్ దాకా అలాస్కాలో మంచుకొండలు చూపించిన ఓడలు చలి మొదలవగానే కరేబియన్‌కో ఆస్ట్రేలియాకో మన ఆసియాకో దిగొస్తాయి. రాయల్ కరేబియన్ అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ళ ఆంథమ్ ఆఫ్ ది సీస్ 2024 చివర్లో సింగపూర్ నుంచి తిరిగింది, 2025 వేసవికి సియాటిల్ చేరి అలాస్కా బాట పట్టింది. చైనా కోసమని కట్టించిన స్పెక్ట్రమ్ ఆఫ్ ది సీస్, కోవిడ్ వల్ల అక్కడి రేవులు మూసి ఉండడంతో 2022లో సింగపూర్‌లో మకాం వేసి, 2024లో మళ్ళీ షాంఘై వెళ్ళిపోయింది.

వాతావరణం ఒక్కటే కాదు, చట్టాలు కూడా ఓడల్ని తిప్పుతాయి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకే జనాన్ని చేరవేయకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడలు మధ్యలో కెనడా రేవుని తాకేది అందుకే. ఊళ్ళు కూడా ఇక చాలంటున్నాయి. వెనిస్ నడిబొడ్డు నుంచి పెద్ద ఓడలు వెళ్ళకుండా 2021 ఆగస్టులో ఆపేశారు. అలాస్కాలోని జూనో రోజుకి ఐదు పెద్ద ఓడలే చాలంది.

ఇక మన సంగతి. మన రేవుల నుంచి ఓడ నడిపే క్రూయిజ్ కంపెనీ కార్డీలియా. వాళ్ళ ఎంప్రెస్ 1990లో తయారైన ఓడ, ఒకప్పుడు రాయల్ కరేబియన్‌దే. 2021 సెప్టెంబర్‌లో ముంబై నుంచి మొదలుపెట్టి, 2022 జూన్‌లో చెన్నైకి వచ్చింది. ఒక ఓడ, రెండు తీరాలు. జూన్ వచ్చిందంటే నైరుతి గాలి నేరుగా అరేబియా తీరాన్ని కొడుతుంది, అటువైపు కెరటాలు తాటిచెట్టు ఎత్తున లేస్తాయి. ఇటు మన తీరానికి పడమటి కనుమలు, మధ్యలో దేశమంత నేల అడ్డం. గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది గనక చెన్నై దగ్గర్లో కెరటం అంత పెరగదు. ఒడిశా వైపు అల్పపీడనాలు పుడతాయి, ఆ రోజుల్లో ఊపు తగలొచ్చు. మొత్తమ్మీద ముంబైతో పోలిస్తే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన వైపే నయం.

టంగుటూరు వైపు పొగాకు వేసే మా బావ ఒకసారి "నవంబర్‌లో తీరిక రా, చెన్నై పక్కనే కదా, ఎక్కేద్దామా?" అన్నాడు. పక్కనే, నిజమే. కానీ నవంబర్‌లో బంగాళాఖాతమా! 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుని చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ చెన్నైని ముంచి, నెల్లూరుని తడిపి, బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన సముద్రాన్ని నమ్ముకుని ఏ కంపెనీ క్యాలెండర్ వేసుకోదు. ఆ నెలల్లో ఓడ ముంబైలో ఉండడం వాళ్ళ ముంబై ప్రేమ వల్ల కాదు. "మరైతే జూలై?" అన్నాడు బావ. జూలై బాగానే ఉంటుంది. పొగాకు వేలం కూడా సగానికి పైగా అయిపోయి ఉంటుంది, డబ్బు చేతిలో ఆడుతుంది.

చెన్నై ఓడలో మనకి పెద్ద లాభం, ఇంటి నుంచి ఓడ మెట్టు దాకా అయ్యే తిప్పలు తక్కువ. నెల్లూరు నుంచి మూడు గంటల రైలు, సెంట్రల్‌లో దిగి ఆటో ఎక్కితే రేవు దగ్గరే. ఒంగోలు వాళ్ళకి ఇంకో గంటన్నర, రెండు గంటలు. పెద్దవాళ్ళని ఎయిర్‌పోర్టులో నడిపించే పని లేదు. నడిసముద్రంలోకి వెళ్ళి తిరిగొచ్చే రెండు రాత్రుల ట్రిప్పులు, విశాఖ మీదుగా వెళ్ళేవి, శ్రీలంక వెళ్ళేవి ఈ సీజన్లలో నడిచాయి. శ్రీలంక ట్రిప్పు నాకు నచ్చుతుంది: హంబన్‌టోట, ట్రింకోమలీ, యాళ్పాణం (జాఫ్నా) దగ్గరి కంకేసన్‌తురై. మనకి నైరుతి నడిచే నెలల్లోనే ట్రింకోమలీ వైపు తీరం ప్రశాంతంగా ఉంటుంది, కాలం కలిసొస్తుంది. దీనికి పాస్‌పోర్ట్ ఉండాలి, ఆధార్ చూపించి ఎక్కలేరు. పుదుచ్చేరిలో ఆగే ట్రిప్ విషయంలో మాత్రం కాస్త ఆచితూచి. 2022లో క్యాసినో ఉందని అక్కడి ప్రభుత్వం దిగనివ్వలేదు, 2025 జూలైలో గానీ ఓడ అక్కడ ఆగలేదు. రేవు పేరు టికెట్ మీద ఉందని ఆ ఊరు చూసి తీరతామని అనుకోకూడదు.

లోటూ ఉంది. ఓడ పాతది, మధ్యరకం. వీడియోల్లో చూసిన నీటి జారుడుబల్లల నగరాన్ని ఊహించుకుని ఎక్కితే ఉసూరుమంటారు. రెండు రాత్రుల ట్రిప్‌లో ఎక్కడం, దిగడం పోగా సముద్రం మీద మిగిలేది ఒక్క పగలే.

ముంబై సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. దాదాపు అక్టోబర్ నుంచి మే దాకా అక్కడి సముద్రం మెత్తగా ఉంటుంది. గోవా, కొచ్చి, లక్షద్వీప్ ఆ కాలానికే అమరుతాయి. లక్షద్వీప్‌లో పెద్ద ఓడ నేరుగా ఒడ్డుకి రాదు, చిన్న పడవల్లోకి దిగి వెళ్ళాలి. కెరటం ఉంటే ఆ దిగడమే కుదరదు, అందుకే వానాకాలంలో ఆ ట్రిప్ ఊసే ఉండదు. చూసే చోటుని బట్టయితే నా ఓటు చెన్నైకి కాదు, ఈ లక్షద్వీప్ ట్రిప్‌కే. కానీ మన దగ్గర్నుంచి ముంబై చేరడం, ముందురోజు హోటల్, తిరుగు విమానం కలిపితే అసలు టికెట్‌కి దీటుగా కొసరు తేలుతుంది. సంక్రాంతి సెలవుల్లో అయితే విమానం ధర వింటేనే కళ్ళు తిరుగుతాయి.

సింగపూర్‌కి సీజన్ బెంగ లేదు. భూమధ్యరేఖకి అంత దగ్గర్లో తుఫాన్లు పుట్టడం అరుదు. 2001 డిసెంబర్‌లో వచ్చిన వామెయ్ తుఫానుని ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటారు. అందుకే 2022 జూన్‌లో జెంటింగ్ డ్రీమ్ అక్కడ కాపురం పెట్టింది, మూడు వేలకి పైగా మంది పట్టే ఓడ. డిస్నీ కూడా తన అడ్వెంచర్ ఓడని కనీసం ఐదేళ్ళు సింగపూర్ నుంచే నడుపుతామని 2023లో చెప్పింది. పిల్లలకి తిరుగులేనిది ఇదే. చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు విమానం, సింగపూర్ వీసా, అది కూడా మలేషియా వెళ్ళి తిరిగొచ్చే ట్రిప్ అయితే రెండోసారి లోపలికి రానిచ్చే వీసా ఉండాలి. విమానం, వీసా, హోటల్ కలిపి లెక్కేస్తే ముంబై లక్షద్వీప్ ట్రిప్‌కీ దీనికీ తేడా మీరనుకున్నంత ఉండదు.

మన కృష్ణపట్నంలో ఎందుకు ఆగదని కొందరు అడుగుతారు. లోతు లేక కాదు. బొగ్గు ఓడలకి చాలినంత లోతు అక్కడ ఉంది. కానీ జనం ఎక్కే రేవుకి పక్కన ఎయిర్‌పోర్టు, హోటళ్ళు, రెండు మూడు రోజులకోసారి వెయ్యి క్యాబిన్లు నింపే పెద్ద ఊరు కావాలి. దాదాపు వంద కోట్లతో కట్టిన విశాఖ క్రూయిజ్ టెర్మినల్ 2023లో తెరిచారు, దానికే ఓడలు ఇంకా అరకొరగా వస్తున్నాయి. ఒంగోలు వాళ్ళు రాత్రి రైల్లో విశాఖ వెళ్ళి ఎక్కొచ్చు గానీ, అక్కడి తేదీలు కొన్నే ఉంటాయి.

కాబట్టి మొదటిసారి ఎక్కేవాళ్ళకి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి చెన్నైయే, జూలై, ఆగస్టుల్లో. క్యాబిన్ ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో అడగండి, ఊపు తక్కువ తెలుస్తుంది. బ్రోచర్ ధరకి రేవు ఛార్జీలు, జీఎస్టీ, సిబ్బంది టిప్పు కలిపి మొత్తం ఎంతో రాయించుకున్నాకే డబ్బు కట్టండి. ఒకసారి ఎక్కి ఒంటికి పడిందని తేలినవాళ్ళు ముంబై మీదుగా లక్షద్వీప్ చూడొచ్చు. డబ్బు దగ్గర వెనకాడనివాళ్ళు, చిన్నపిల్లలున్నవాళ్ళు సింగపూర్ వెళ్ళండి.

బడికెళ్ళే పిల్లలున్న ఇళ్ళకే చిక్కు. చెన్నై సీజన్ సరిగ్గా బడులు నడిచే కాలం. మనకి జూన్ 12న బడులు తెరుస్తారు, చెన్నై ఓడ కొన్నేళ్ళు జూన్ మొదటి వారంలోనే బయల్దేరింది. ఆ వారం పది రోజుల సందు దొరికిందా, మార్చిలోనే టికెట్ తీసి పెట్టుకోండి. పైగా నార్వేజియన్ క్రూయిజ్ లైన్ అనే కంపెనీ నుంచి స్కై, సన్ అనే రెండు ఓడలు 2026లో, 2027లో కార్డీలియా చేతికి రానున్నాయని ప్రకటించారు. ఒక్క ఓడని రెండు తీరాలకీ పంచాల్సిన అవసరం తీరితే తేదీలు పెరగొచ్చు. అలాగని అక్టోబర్, నవంబర్‌లలో చెన్నై నుంచి టికెట్లు అమ్మినా సరే, మా బావని మాత్రం నేను ఎక్కనివ్వను.