ఉద్యోగం మానకుండా చేసిన హైబ్రిడ్ పీజీ: నా రివ్యూ

షిఫ్టుల్లో పనిచేస్తూ డేటా అనలిటిక్స్‌లో పీజీ చేయాలంటే నాకు హైబ్రిడ్ కోర్సు తప్ప వేరే దారి కనిపించలేదు. ఇందులో ఏ క్లాసుకైనా గదికి వెళ్లి కూర్చోవచ్చు, అదే సమయానికి లైవ్‌లో చేరవచ్చు, లేదంటే తర్వాత రికార్డింగ్ చూసుకోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రయాన్ బీటీ 2006లో మొదలుపెట్టిన హైఫ్లెక్స్ పద్ధతి ఇదే. ఏ దారిలో వచ్చినా చదువు సమానంగా అందాలన్నది అందులో ముఖ్యమైన నియమం.

మా కోర్సులో అది సగమే నెరవేరింది. వెనక బెంచీల ప్రశ్నలు మైకుకు అందవు, లెక్చరర్ జవాబు మాత్రమే వినిపిస్తుంది. లైవ్‌లో చేరిన మేం చాట్‌లో పెట్టిన సందేహాలు క్లాసు అయ్యేదాకా అలాగే పడి ఉండేవి. రెండో సెమిస్టర్ నుంచి చాట్ చూడటానికే ఒక అసిస్టెంట్‌ను కూర్చోబెట్టారు. అప్పటినుంచి లైవ్‌లో ఉన్నా క్లాసులో ఉన్నట్టే అనిపించింది. రికార్డింగ్ మీదే ఆధారపడినవాళ్లకు మాత్రం ఈ మేలు అందలేదు.

కట్టిన ఫీజుకు పూర్తి విలువ దొరికింది కంపెనీ ప్రాజెక్టులో. చదువునూ పనినీ మార్చి మార్చి చేయించే కో-ఆప్ పద్ధతిని అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ 1906లోనే మొదలుపెట్టారు. అది ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందో నాకు ఇక్కడ అర్థమైంది. క్లాసులో ఇచ్చే డేటా ఉతికి ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. పంపులు తయారుచేసే కంపెనీ మాకు ఇచ్చిన మెషిన్ల వైబ్రేషన్ రీడింగుల్లో మధ్యమధ్య సున్నాలు. "అవి బ్రేక్‌డౌన్లు కావండీ, బెల్టు మార్చడానికి మేమే ఆపాం" అని మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ చెప్పారు. లాగ్‌బుక్‌లో చాలాచోట్ల 'సరిచేశాం' అని మాత్రమే ఉంది, ఏం సరిచేశారో లేదు. ఆయన పక్కన కూర్చుని ఒక్కో ఎంట్రీ అడిగి రాసుకున్నాం. బ్రేక్‌డౌన్లను గుర్తించే కంప్యూటర్ మోడల్ తయారీకంటే దీనికే ఎక్కువ సమయం పట్టింది. ఆయన అంత ఓపిగ్గా చెప్పకపోతే మా మోడల్ ఆ సున్నాలన్నిటినీ బ్రేక్‌డౌన్లుగానే నేర్చుకునేది.

టెన్షన్ అంతా తేదీల దగ్గర. కంపెనీలో ఆడిట్ వచ్చి, అక్కడ మాకు దారి చూపే మెంటర్ దొరకని వారాల్లోనే మా రిపోర్టు గడువు పడింది. కాలేజీ ఒక్కరోజు కూడా జరపలేదు. కాలేజీ, కంపెనీ ఇద్దరి క్యాలెండర్లూ ముందే కలిపి చూసుకోవాల్సింది వాళ్లు, ఆ భారం మా మీద పడింది.

అయినా నేను అయిదుకు నాలుగు ఇస్తాను. చేరే ముందు రెండు విషయాలు అడగండి. మెంటర్ వారానికి ఎన్ని గంటలు ఇస్తారో ఒప్పందంలో రాసి ఉందా? రిపోర్టులో ఏ భాగాన్ని ఇంటర్వ్యూల్లో చూపించుకోవచ్చు? గోప్యత పత్రం మీద సంతకం పెట్టించారు కాబట్టి, నా ప్రాజెక్టులో గ్రాఫులు ఒక్కటీ బయట చూపించడానికి వీల్లేదు.