విశాఖలో కాయిలోవర్లు వేయిస్తున్నారా? బిల్లు కట్టేముందు జాకీ ఎత్తించి చూడండి

కారు కిందికి దించుదామని కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండి, ఎత్తు మార్చుకునే వీలున్న సెట్లు) కొనేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. సరుకు ఎంత మంచిదైనా బిగించేవాడికి పని తెలియకపోతే డబ్బు పోవడమే కాదు, ప్రాణం మీదికి వస్తుంది. నగరంలోనే ఒక షాపులో నా కారుకి జరిగింది ఇదే. షాపు పేరు రాయను, ఏం చూసుకోవాలో రాస్తాను.

షాపు నుంచి బండి తెచ్చుకున్న మర్నాడు ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి గాజువాక వెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ముందు ఎడమవైపు టక్కుమని శబ్దం. ఫోన్ చేస్తే "కొత్తవి కదా సార్, నడిచేకొద్దీ సెట్ అయిపోతాయి" అన్నారు. అవలేదు. వేరే మెకానిక్ దగ్గర జాకీ ఎత్తించాను. చక్రం గాల్లో వేలాడుతుంటే ఆయన స్ప్రింగ్‌ని చేత్తో తిప్పాడు, గిర్రున తిరిగింది! స్ప్రింగ్‌కీ అది పైన ఆనుకోవాల్సిన సీటుకీ మధ్య వేలు దూరేంత సందు.

నేను కొన్న రకంలో ఎత్తు తగ్గించాలంటే షాక్ అడుగున ఉన్న బ్రాకెట్‌ని థ్రెడ్ మీద తిప్పాలి. స్ప్రింగ్ కింద ఉండే కాలర్ (మరతిప్పే రింగు) పని వేరు, అది స్ప్రింగ్‌ని బిగువుగా పట్టి ఉంచడానికి. ఆ షాపువాళ్లు బ్రాకెట్ ముట్టుకోకుండా కాలర్‌నే కిందికి దించేశారు. చక్రం గుంతలో దిగగానే స్ప్రింగ్ వదులవుతుంది, బరువు పడగానే మళ్లీ సీటుకి కొట్టుకుంటుంది. ఆ టక్కు అదే. అరకు ఘాట్ మలుపులో అది సీటు తప్పి కూర్చుంటే? తలుచుకుంటేనే టెన్షన్ వస్తోంది. కాలర్ కింది లాక్ రింగ్ కూడా సరిగా బిగించలేదు.

అంతకంటే మండించింది ఇంకొకటి. డస్ట్ కవర్ పైకి లాగితే మెరుస్తూ ఉండాల్సిన షాఫ్ట్ (షాక్‌లో పైకీ కిందికీ ఆడే కడ్డీ) మీద కటింగ్ ప్లేయర్ పళ్ల గాట్లు. పై నట్టు బిగించేటప్పుడు షాఫ్ట్ తిరక్కుండా దాంతో పట్టుకున్నారు. ఆ గాట్లు పైకీ కిందికీ ఆడుతూ ఆయిల్‌ని ఆపే సీల్‌ని కోసేస్తాయి, ఆయిల్ కారుతుంది. షాఫ్ట్ కొనలోనే అలెన్ కీ పెట్టి పట్టుకునే ఏర్పాటు ఉంది, కనీసం అది చూడలేదు.

చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కి రబ్బరు బుష్‌లు ఉంటాయి, వాటి బోల్టులు కూడా చక్రాలు వేలాడుతుండగానే బిగించేశారు. అలా బిగిస్తే కారు నేల మీదికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు పడాలి. డ్యాంపింగ్ (షాక్ ఎంత గట్టిగా ఉండాలో పెట్టే నాబ్) క్లిక్కులు ఎడమకి ఒకలా, కుడికి ఒకలా. మొదట నాబ్‌ని పూర్తి హార్డ్‌కి తిప్పి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టి రెండు వైపులా ఒకే అంకెలో పెట్టాలి.

ఎత్తు మారితే టో (చక్రాలు ముందుకు చూసే కోణం), క్యాంబర్ (చక్రం నిలువుగా వాలే కోణం) మారతాయి. అలైన్‌మెంట్ చేయకుండా బండి ఇచ్చేస్తే టైరు లోపలి అంచు అరిగిపోతుంది, బయటి నుంచి కనిపించదు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పించి బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు ఎక్కడా లాగడం లేదని కళ్లారా చూడండి.

మరీ కిందికి దించమనకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్నారు. బీచ్ రోడ్డు, భీమిలి వైపు రోజూ తిరిగేవాళ్లు థ్రెడ్లు తరచూ కడిగించండి, ఉప్పుగాలికి కాలర్ పట్టేస్తే తర్వాత కదలదు. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. ఆ మాట ఏ షాపువాడూ చెప్పడు, ముందే ఆర్టీవో ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్లనీ అడగండి.

లేబర్ డబ్బులు వెనక్కి అడిగితే ఇచ్చేది లేదన్నారు. బిల్లులో "ఫిట్టింగ్" అన్న ఒక్క మాటే ఉంది. మీరు మాత్రం చక్రం మధ్య నుంచి ఫెండర్ (మడ్‌గార్డ్) అంచు దాకా నాలుగు వైపులా కొలతలు, క్లిక్కుల అంకె బిల్లు మీదే రాయించుకోండి, అలైన్‌మెంట్ ప్రింటవుట్ జత చేయించుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయాల్సి వస్తే చూపించడానికి ఆ కాగితాలే ఉంటాయి.